దొరకని తల

"దరికి!"

మూలలోంచి కోచ్ సుధాకర్ సర్ కేక వినబడటమే ఆలస్యం, భాగ్య తల కుడికి జారింది. ఎదుటి పిల్ల ఎడమ చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. అది దెబ్బ కాదు, ఎర. ఆ చెయ్యే కొడవలిలా వంగి, భాగ్య తల ఎక్కడికి చేరిందో సరిగ్గా అక్కడే వచ్చి పడింది.

కుడి కన్ను కింద నిప్పు రాజుకుంది.

ఇది మొదటిది కాదు. రెండో రౌండు మొదలైన దగ్గర్నుంచీ అదే కేక, అదే కన్ను, అదే చోటు. గడ్చిరోలి హాల్లో జిల్లా సెలక్షన్లు చూడటానికి వచ్చిన సిరొంచ పిల్లలు అరవడం మానేశారు. భాగ్య మీదికి చెయ్యి విసిరినవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు. ఆ చెయ్యి తగలడం మాత్రం ఇవాళే చూస్తున్నారు. సిరొంచలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. 'దొరకది' అంటే చాలు.

"ముంచు!"

మోకాళ్లు వంగాయి, తల కిందికి దిగింది. కింద ఎదుటి పిల్ల రేష్మ కుడి పిడికిలి కాచుకుని కూర్చున్నట్టే ఉంది. గడ్డం పైకి లేచిపోయింది. పళ్ల మధ్య రబ్బరు తొడుగు కిర్రుమంది. పైనున్న దీపాలు ఒక పక్కకు జారిపోయి మళ్లీ చోటికి వచ్చాయి. రెఫరీ మధ్యలోకి దూరి, భాగ్య ముఖం ముందు వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఎట్ల తెలుస్తున్నది దీనికి?

దరికి, నడుమకు, ముంచు, గుంజు. గోదావరి మీద వల వేసేవాళ్ల కేకలవి. అంకిసలో భాగ్య తండ్రి ఐలన్న పడవలో నిలబడి అరిచే మాటలు. సుధాకర్ సర్ వాటిని రింగ్‌లోకి తెచ్చాడు. దరికి అంటే ఎదుటివాళ్లు వేసే తర్వాతి దెబ్బకు తల ఎడమకు జారాలి. నడుమకు అంటే కుడికి. ముంచు అంటే కిందికి, గుంజు అంటే వెనక్కి. మరాఠీ పిల్లలకు ఆ కేకలు ఉత్త గోల. పైగా ఈ పొద్దున సర్ మరో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. "ఈ రేష్మ ఏటపల్లి పిల్ల. ఆ దిక్కు తెలుగు సమజైతది. ఇయ్యాల ఉల్టా చేద్దాం. దరికి అంటే కుడి, నడుమకు అంటే ఎడమ" అన్నాడు. అయినా రేష్మ పిడికిలి ప్రతిసారీ భాగ్య తల కంటే ముందే ఆ చోటికి వెళ్లి కూర్చుంటోంది.

మూడో రౌండు ఎట్లా గడిచిందో భాగ్యకు సగమే గుర్తు. రెఫరీ రేష్మ చెయ్యి పైకెత్తాడు. ఆ పిల్ల గంతులు వెయ్యలేదు. భాగ్య వైపు చూసి, మాట నిలబెట్టుకున్న మనిషికి చేసినట్టు చిన్నగా తలూపింది. ఆ తలూపుడు దెబ్బలన్నిటికంటే ఎక్కువగా మండింది భాగ్యకు.

రాష్ట్ర జట్టుకు పోయినవాళ్లను పుణె హాస్టల్లో పెట్టుకుంటారు. తిండి, చదువు, శిక్షణ అన్నీ అక్కడే. ఆ ఒక్క చోటు ఇప్పుడు ఏటపల్లికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో జీపు గుంతల్లో పడి లేస్తుంటే సుధాకర్ సర్ చల్లటి నీళ్ల సీసా ఆమె కంటికి తనే అదిమి పట్టుకున్నాడు.

"ఏం పరేషాన్ గాకు బిడ్డా. ఇంకో ఏడాది నా దగ్గరుండు. పుణె యాడికి పోతది? ఉరికిపోతదా?"

ఏడిస్తే ఉప్పు తగిలి కన్ను ఇంకా మండుతుందని భాగ్య పళ్లు బిగించి కూర్చుంది.

*

మర్నాడు సాయంత్రం సిరొంచలో, పాత బియ్యం మిల్లు గోదాములో, సర్ పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. గోదాము గేటుకు కట్టిన ఫ్లెక్స్ మీద భాగ్య గ్లవుజులు ఎత్తి నవ్వుతోంది. ఆమె వెనక, ఆమె కంటే పెద్దగా, సుధాకర్ సర్ చేతులు కట్టుకుని ఉన్నాడు. లోపల వాసాలకు వేలాడుతున్నవి ఇసుకా గుడ్డపేలికలూ కుక్కి, చిరిగిన వలలతో చుట్టిన గోనె సంచులు.

"భాగ్యా, ఇట్ల రా."

ఆమె వెళ్లి నిలబడింది. సర్ ఆమె గడ్డం పట్టుకుని, సంతలో మేకను చూపించినట్టు ఇటూ అటూ తిప్పాడు. వాచిన కన్ను అందరికీ కనబడింది.

"సూడుండ్రి. ఇది దొరకని తల అనుకున్నం. దొరికింది. ఎందుకు? మెడ బండ అయింది. బుగులు వట్టింది, భయపడ్డది. కొట్టేటోడు గొప్పోడు కాదు, దొరకనోడు గొప్పోడు అని నేను ఎన్నిమాట్ల చెప్పిన?"

చిన్నపిల్లల్లో ఒకళ్లిద్దరు తలలూపారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భాగ్య చెవులు వేడెక్కాయి. సర్ వేళ్లు ఇంకా గడ్డం మీదే ఉన్నాయి. ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకు తీసేసింది. ఆ గోదాములో ఎవరూ అంతవరకు చెయ్యని పని అది.

"నా తల సక్కగనే కదిలింది సర్. బుగులు గిగులు ఏం లేదు. ఆ పిల్లకు మన మాటలు ఎర్కయినయ్."

"ఏందీ?"

"మన కేకలు ఎర్కయినయ్. ఎవలో చెప్పిన్రు. దరికి కుడి అని గా పొద్దుగాల్లనే మార్చినం, అయినా నా తల దొరకబట్టింది…"

"ఎవలు చెప్తరు?" సర్ మధ్యలోనే అందుకున్నాడు. "మన కేకలు ఎవలకు ఎర్క? నీకు, నాకు, నీ తోడు ఆడేదానికి."

అన్ని తలలూ ఒక్కసారి తిరిగాయి. గోడ పక్కన త్రివేణి ఉతికి ఆరేసిన, చేతికి చుట్టుకునే పట్టీలు మడత పెడుతోంది. భాగ్య గ్లవుజులు వేసుకున్న నాటి నుంచి ఆమెతో తలపడుతున్న పిల్ల. భాగ్య తల ఎటు జారుతుందో లోకంలో అందరికంటే బాగా తెలిసిన పిల్ల. పోయిన నెల పెద్దమ్మ కూతురి పెళ్లికి పోయి వచ్చింది. ఆ పెద్దమ్మ ఊరు ఏటపల్లి.

నిన్నటి నుంచి దారి దొరక్క తిరుగుతున్న కోపానికి భాగ్యకు ఒక ముఖం దొరికింది.

"పెండ్లికి పోయి ఏం చెప్పొచ్చినవే?"

త్రివేణి చేతిలో పట్టీ ఆగిపోయింది. "నేనా? నీకు కన్నే వాసిందా, మెదడు సుత వాసిందా?"

"నీకు నా లెక్క పుణె పోవాలని లేదా? నేను ఓడితె నీకు మంచిగ లేదా?"

"నోరు సంభాళించుకో భాగ్యా."

సర్ నిట్టూర్చాడు. "నాకు గూడ గదే డౌటు ఉండె. ఆడపిల్ల, పేరు ఖరాబైతదని అనలే." గోడ వైపు తిరిగాడు. "త్రివేణీ, పట్టీలు ఆడ పెట్టు. రేపటి సంది రాకు."

త్రివేణి అందరినీ ఒకసారి చూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. పట్టీని బల్ల మీద పెట్టబోతే జారి కిందపడి, విప్పుకుంటూ గుమ్మం దాకా దొర్లింది. ఆమె దాన్ని దాటుకుని పోయింది.

*

అంకిసలో ఐలన్న ఇంటి ముందు, వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య ఛాతీ ఎత్తులో ఒక తాడు కట్టి ఉంటుంది. పొద్దున వలలు ఆరేసేదీ దాని మీదే, సాయంత్రం భాగ్య తల అటూ ఇటూ దాటించేదీ దాని కిందే. తాడుకు వల తేలడానికి కట్టే తెల్ల బెండు ముక్కలు వేలాడదీసి ఉంటాయి. ఒకదాన్ని తోస్తే అన్నీ ఊగుతాయి. ఊగే ఆ ముక్కల మధ్య నుంచి చెంపకు ఒక్కటీ తగలకుండా అవతలి కొసకు చేరాలి.

ఆ పొద్దు ప్రతి ముక్కా తగులుతోంది.

"ఆపు బిడ్డా," అన్నాడు ఐలన్న. గడప దగ్గర కూర్చుని వలలో ఇరుక్కున్న నాచు ఏరుతున్నాడు. "కోపం మీద వల ఏస్తే వల మనకే సుట్టుకుంటది."

"నాకు కోపం లేదు బాపు."

"ఆఁ, లేదు. తాడు తెగేటట్టున్నది."

దడి అవతల స్కూటీ ఆగింది. త్రివేణి దిగింది గానీ లోపలికి రాలేదు. దడి మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. గొంతులో మాత్రం ఏడుపు లేదు.

"ఒక్కటి అడిగి పోత. నీ కన్ను ఏ పక్క వాసింది?"

"తమాషా చెయ్యనొచ్చినవా?"

"ఏ పక్కనే?"

"కుడి. కనవడ్త లేదా?"

"ఎడమ చెంపకు?"

భాగ్య చెయ్యి దానంతట అదే ఎడమ చెంప మీదికి పోయింది. నున్నగా ఉంది. గీత కూడా లేదు.

"నాకు ఎర్కున్న దరికి ఎడమ," అంది త్రివేణి. ఒక్కో మాటా గుచ్చినట్టు అంది. "నీతోని నేను ఆడినన్ని దినాలు దరికి అంటె నీ తల ఎడమకే పోయింది. నేనే చెప్పుంటె ఆ పిల్ల నీ ఎడమ దిక్కు కాసుకుంటుండె. నువ్వు కుడికి జారితె దాని చెయ్యి గాలిని కొడ్తుండె. నువ్వే అన్నవ్ గదా, గా పొద్దుగాల్ల మార్చిన్రని. నేను సిరొంచల ఉన్న. నాకెట్ల ఎర్కైతది?"

తాడుకు వేలాడే ముక్కలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

"మార్చిన సంగతి ఎవలెవలకు ఎర్క?"

"నాకు," అంది భాగ్య. ఒక వేలు మడిచింది. "నాకు, ఇగ…"

మాట అక్కడే ఆగిపోయింది. ఆగింది భయంతో కాదు. అందరినీ అనుమానించిన బుర్రలో ఆ మనిషిని నిలబెట్టడానికి చోటే లేకపోయింది ఇన్నాళ్లూ. పిడికిలి ఎట్లా బిగించాలో నేర్పిన మనిషి. అన్నం తిన్నవా అని అడిగిన మనిషి. జీపులో కంటికి సీసా అదిమిన మనిషి.

"ఇగ ఎవలకు?" అన్నాడు ఐలన్న, నాచు ఏరడం ఆపి.

భాగ్య చెప్పకపోయినా ముగ్గురికీ తెలిసిపోయింది. త్రివేణి స్కూటీ ఎక్కబోతుంటే భాగ్య పరిగెత్తి దడి మీదుగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నన్ను కొట్టు."

"కొడ్త," అంది త్రివేణి చెయ్యి విదిలించుకోకుండా. "మొదలు నువ్వు కొట్టాల్సినోన్ని కొట్టు. తర్వాత నీ సంగతి సూస్త."

*

"ఊర్ల చెప్తె ఎవలు నమ్ముతరు?" అంది తల్లి రాజక్క, పొయ్యి ముందు కూర్చుని. "ఓడినది సాకులు చెప్తున్నదంటరు. నీ కన్ను ఏ పక్క వాసిందో వాళ్లకెందుకు? సర్ మాట పెద్దది."

రాజక్క చెప్పింది నిజమే. గోదాములో భాగ్య మెడ బండ అయిందని ఇప్పటికే సిరొంచ బస్టాండు దాకా తెలిసిపోయింది. చాయ్ బండి దగ్గర ఎవరో "దొరకది దొరికిందట గదా" అంటే అందరూ నవ్వారట. నోటితో చెబితే నమ్మరు. కళ్లకు కనబడాలి.

జిల్లా సంఘంలో ఒక నియమం ఉంది. జట్టు బయలుదేరేలోపు ఓడినవాళ్లు ఒకసారి మళ్లీ సవాలు చెయ్యవచ్చు. సాధారణంగా కోచ్‌లు అడుగుతారు. భాగ్య తనే సంఘం సెక్రటరీ ప్రణాలి మేడంకు ఫోన్ చేసింది. వచ్చీరాని మరాఠీలో, మధ్యలో హిందీ కలుపుతూ, చెప్పాల్సింది చెప్పింది. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. ఆడతానంది, అంతే.

"డాక్టర్ సరేనంటే ఆదివారం అహేరిలో," అంది మేడం. "మీ కోచ్ ఎందుకు అడగలేదు?"

"నేనే అడుగుతనన్న మేడం."

డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, వేలు వెంట చూపు తిప్పించి, సరేనన్నాడు. ఆ సాయంత్రమే సుధాకర్ సర్ బండి అంకిసలో ఐలన్న ఇంటి ముందు ఆగింది.

రాజక్క చాయ్ ఇచ్చింది. సర్ మంచం మీద కూర్చుని, ఐలన్నతోనే మాట్లాడాడు. భాగ్య తాడు పక్కన నిలబడి ఉంది.

"ఐలన్నా, పిల్ల తలకు దెబ్బలు తాకినయ్. ఇంత జల్ది మల్ల ఆడిస్తె మంచిది కాదు. నా బిడ్డైతె నేను ఆడియ్య."

"డాక్టరు ఆడుమన్నడు సర్."

"డాక్టరుకేం ఎర్క?" సర్ నవ్వాడు. "అయినా తొందరెందుకు? ఇది పోతె నా గోదాముకు ఎవలొస్తరు చెప్పు. ఆ ఫ్లెక్స్ మీద ఎవల ఫోటో పెట్టాలె? నీ ముఖమా, నా ముఖమా?"

ఐలన్న కూడా నవ్వాడు, మర్యాదకు. భాగ్య నవ్వలేదు. ఆ మాట హాస్యంలా వచ్చి, హాస్యం కాకుండా మంచం మీద కూర్చుంది. ఇంకో ఏడాది నా దగ్గరుండు. పుణె యాడికి పోతది.

ముఖం చూడకు, భుజం చూడు. గోదాములో మొదటి రోజు ఆయన నేర్పిన పాఠం. ముఖం అబద్ధమాడుతది, భుజం ఆడది. ఏ చెయ్యి వచ్చినా ముందు భుజం కదులుతది.

భాగ్య ఆయన భుజం చూస్తూ అంది. "నేను ఆడుత సర్."

కుడి భుజం పైకి లేచి గట్టిపడింది. చాయ్ గ్లాసు కదల్లేదు, నవ్వు చెదరలేదు. భుజం మాత్రం లేచింది.

"మీరే ఉండాలె సర్ నా మూలల. మీరు లేకుంటె నాతోని కాదు."

భుజం కొంచెం దిగింది.

"కేకలు గవ్వే ఉంచుదాం. మొన్న మార్చినట్టే. దరికి కుడి."

భుజం పూర్తిగా దిగిపోయింది. సర్ మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు. "సరే బిడ్డా. నువ్వు అంతగ అంటున్నవంటే కాదంటనా?"

బండి మలుపు తిరిగేదాకా భాగ్య నవ్వుతూ నిలబడింది. తర్వాత తాడు కిందికి వంగింది. ఆ పొద్దు దాటేదాకా ఒక్క ముక్క కూడా ఆమె చెంపను తాకలేదు.

*

అహేరిలో రింగ్ వేసింది ఒక పెళ్లిళ్ల హాల్లో. మొన్నటి పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు వాడిపోయి వేలాడుతున్నాయి. ఏటపల్లి వాళ్లు ఒక పక్క, సిరొంచ వాళ్లు ఒక పక్క. బల్ల వెనక ప్రణాలి మేడం, న్యాయనిర్ణేతలు. ఐలన్న పక్కన త్రివేణి కూర్చుంది. సర్ ఆమెను చూసి ముఖం చిట్లించాడు.

సర్ భాగ్య ముఖానికి వ్యాసలీన్ రాశాడు. వాపు తగ్గిన కుడి కన్ను మీద వేళ్లు మెత్తగా నడిచాయి. "నా గొంతు మీదనే పాణం పెట్టు. ఇంకేం వినకు."

"మీ గొంతే వింట సర్."

గంట మోగింది.

రేష్మ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. అడవిలో పుట్టి, మోదుగాకుల మోపులు మోసిన మెడ. రెండడుగులు ముందుకు వచ్చి ఆగింది. భాగ్య ఇప్పుడు ఆ పిల్ల భుజాలు మాత్రమే చూస్తోంది.

"దరికి!"

రేష్మ ఎడమ చెయ్యి సగం వచ్చి ఆగింది. ఎర. భాగ్య తల కుడికి పోలేదు. ఉన్నచోటనే వేలెడంత వెనక్కి వాలింది. కొడవలిలా తిరిగిన పిడికిలి ఎవరూ లేని చోట గాలిని కోసుకుంటూ పోయింది. ఆ విసురుకు రేష్మ పక్కకు తూలింది. తెరుచుకున్న ఆమె ముఖం మీద భాగ్య కుడి చెయ్యి సూటిగా దిగింది.

సిరొంచ పిల్లలు లేచి నిలబడ్డారు.

"నడుమకు!"

మళ్లీ ఎర, మళ్లీ ఖాళీ గాలి. భాగ్య తల అటు పోతున్నట్టు భుజం కదిపి, మెడ మాత్రం ఇటు తిప్పుకుంది. "ముంచు!" అనగానే రేష్మ కింద నుంచి పిడికిలి లేపింది. అది లేచి లేచి భాగ్య ముఖం ముందు నుంచే పైకి పోయింది. భాగ్య నిటారుగా నిలబడి ఉంది. దెబ్బ కొట్టి పక్కకు జారింది. మొన్నటి కన్ను మంట అంతా ఇప్పుడు తన పిడికిలిలో ఉంది. ప్రతి కేకా ఆమెకు రేష్మ చెయ్యి ఎక్కడ పడబోతోందో ముందే చెబుతోంది. ఎవరి వల అయితేనేం, ఇప్పుడు తాడు ఆమె చేతిలో ఉంది.

రేష్మ కొట్టలేక వచ్చి కరుచుకుపోయింది. ఇద్దరి తలలూ ఒకరి భుజం మీద ఒకరివి. రబ్బరు తొడుగు వెనక నుంచి, విరిగిన తెలుగులో, రొప్పుతూ అంది ఆ పిల్ల.

"నువ్వే వద్దన్నవంట గదా. ఇంట్ల పంపరంట గదా. మల్ల ఎందుకు కొడుతున్నవ్?"

"ఎవలన్నరు?"

రెఫరీ ఇద్దరినీ విడదీశాడు. గంట మోగింది.

భాగ్య మూలకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మాట నిలబెట్టుకున్న మనిషికి చేసినట్టు మొన్న ఆ పిల్ల ఎందుకు తలూపిందో ఇప్పుడు అర్థమైంది. ఓడిపోవడం భాగ్యకే ఇష్టమని చెప్పారు దానికి. పాపం అనుకుని కొట్టింది. సర్ నీళ్లు పట్టించబోయాడు. సీసా మూతి పక్కకు పోయి సగం మెడ మీద పడ్డాయి.

"కేక ఒకటైతె నువ్వొకటి చేస్తున్నవేంది?" అన్నాడు పళ్ల సందు నుంచి.

"మెడ బండ అయింది గదా సర్."

ఆయన ముఖంలో రంగు మారడం భాగ్య చూసింది. ఈసారి భుజం చూడాల్సిన పని పడలేదు.

రెండో రౌండులో మూలలోంచి ఒక్క కేక కూడా రాలేదు.

రేష్మ ఆగింది. చేతులు ఎత్తుకుని నిలబడి, భాగ్య వైపు కాదు, భాగ్య వెనక ఉన్న మూల వైపు చూసింది. మళ్లీ ముందుకు వచ్చింది, మళ్లీ ఆ మూల వైపే చూసింది. పాఠం మధ్యలో మాస్టారు లేచిపోతే పిల్లలు గుమ్మం వైపు చూస్తారే, అట్లా. భాగ్య ఆమెను కొట్టగలదు. రెండుసార్లు చెయ్యి లేచింది. రెండుసార్లూ దించేసింది. ఈ పిల్ల మీద తనకు కోపం లేదని అర్థమయ్యాక చేతిలో బలం ఇంకో దిక్కుకు తిరిగింది. ఆమె వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, తల ఇటూ అటూ జారుస్తూ, ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా, రేష్మను ఆ మూల దగ్గరికే తీసుకుపోయింది. రేష్మ చూపు ఎటు పోతోందో ఇప్పుడు హాలంతటికీ కనబడుతోంది.

ఏటపల్లి వాళ్ల కోచ్ లేచి నిలబడ్డాడు. "అటేం చూస్తున్నవ్ రేష్మా! నన్ను చూడు!"

ప్రణాలి మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. రెఫరీకి చేత్తో సైగ చేసింది. గంట మోగకముందే బౌట్ ఆగింది.

మేడం తాళ్ల దగ్గరికి వచ్చింది. మరాఠీలో, నెమ్మదిగానే అడిగింది. "నీ ఎదుటి పిల్ల కోచ్ వైపు ఎందుకు చూస్తున్నావు?"

రేష్మ నోట్లోంచి తొడుగు తీసింది. చెమటా కన్నీళ్లూ కలిసి గడ్డం మీదుగా కారుతున్నాయి. "సర్ చెప్తాడని."

"ఏం చెప్తాడని?"

"ఎక్కడ కొట్టాలో. మొన్న అన్నీ చెప్పిండు. తెల్లారి వచ్చి మల్ల మార్చి చెప్పిండు. ఆమెకే ఓడాలని ఉంది, ఇంట్లో పంపరు, నువ్వు పో అన్నడు. నాకు ఇంకేం తెలవదు మేడం."

"ఏ సర్?"

రేష్మ తలెత్తింది. హాల్లో ఎటు చూసినా సర్లే. బల్ల వెనక సర్లు, ఆమె మూలలో సర్, బెంచీల మీద బడి సర్లు. ఆమె నోటి తొడుగును గుప్పిట్లో నలిపింది. పాఠం చెప్పినవాడిని పేరు పెట్టి పిలిస్తే నోరు పుచ్చిపోతుందని ఆమె ఇంట్లో కూడా చెప్పే ఉంటారు. అంకిసలోనూ అదే చెబుతారు. గోదాములో ఇన్నేళ్లలో ఏ పిల్లా ఆ పేరు పలకలేదు. ఫ్లెక్స్ మీద చదివి కూడా సర్ అనే అన్నారు.

"చెప్పు. ఏ సర్?" మేడం మళ్లీ అడిగింది.

భాగ్య మూలలోంచి మెత్తటి గొంతు వచ్చింది. "భాగ్యా… బిడ్డా. జర ఆగు."

బెంచీ మీద త్రివేణి లేచి నిలబడింది. ఆమె పక్కన ఐలన్న కూడా లేచాడు.

భాగ్య పళ్లతో గ్లవుజు పట్టీ లాగి విప్పింది. ఒక చెయ్యి బయటికి తీసుకుంది. నోట్లోంచి రబ్బరు తొడుగు తీసి అరచేతిలో పట్టుకుంది. వెనక్కి తిరిగి, తనకు పిడికిలి బిగించడం నేర్పిన మనిషి కళ్లలోకి చూసింది. ఈసారి తల ఎటూ జార్చలేదు.

"సుధాకర్," అంది.